ఘటం తగవుకిచ్చిన పిల్ల

బర్మాలో, తామ్వే పేటలో ఆ వారం కరెంటు పొద్దున ఐదింటికి వచ్చి తొమ్మిదింటికి పోతోంది. అత్తిల్లున్న ఇన్సేన్ నుంచి మొదటి రైలు పట్టుకుని సత్యశ్రీ, కూతురు దేవితో పుట్టింటి గుమ్మం తొక్కేసరికి గ్రైండరులో మినప్పప్పు తిరుగుతోంది. "వచ్చినావా తల్లీ, ఆ అరిటాకులు తుడు" అంది తల్లి తాయారమ్మ, పలకరింపూ పనీ ఒకే ఊపిరిలో. సత్యశ్రీ ఆకులు దేవికి అప్పగించి, తాను పిండి అందుకుంది.

ఆ రోజు తండ్రి బంగారురాజు గారి నెల మాసికం. పదింటికి గుడి హాల్లో సంస్మరణ సభ. ఎనభై తొమ్మిదేళ్ళు నిండుగా బతికిన మినుముల వ్యాపారి ఆయన. బస్తాలో చెయ్యి పెట్టి ఒక్క గింజ పంటి కింద కొరికాడంటే, ఆ సరుకు ఓడెక్కుతుందో లేదో చెప్పేసేవాడు. చౌక్తడాలోని ఆయన ఆఫీసు గదికి సరుకు కోసం వచ్చేవాళ్ళ కంటే సాయం కోసం వచ్చేవాళ్ళే ఎక్కువ. పుట్టుక కాగితాలు లేనివాడికి కాగితాలు పుట్టించాడు. మోసే మనుషులు లేని శవానికి భుజం పట్టాడు. తుఫాను ఏడాది తన గోడౌను ఖాళీ చేయించి నలభై కుటుంబాలకు నీడ ఇచ్చాడు. ఇవన్నీ నిజాలే, సత్యశ్రీ ఏ ఒక్కదాన్నీ కాదనదు. కాకపోతే ఆమె దగ్గర ఇంకో నిజం ఉంది.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, అమ్మవారి పండుగలో ఘటం ముందు ఎవరు ఎత్తాలని విశాఖ వైపు వాళ్ళకీ గంజాం వైపు వాళ్ళకీ తగవొచ్చింది. అది కర్రల దాకా పోయి గుడికి ఆరు నెలలు తాళం పడింది. తాతల నాడు వలసొచ్చి ఒకే రేవులో మూటలు మోసిన కుటుంబాలు ఒకరి చావుకొకరు వెళ్ళడం మానేశాయి. అప్పుడు విశాఖ వైపు పెద్ద బంగారురాజు, గంజాం పెద్ద లింగరాజు ఇంటికి నడిచి వెళ్ళాడు. మీ అబ్బాయికి మా పిల్లనిస్తాను, గుడి తెరవండి అన్నాడు. ఆ పిల్ల సత్యశ్రీ. అప్పుడామెకు ఇరవై ఒక్కేళ్ళు, నర్సు చదువుకు దరఖాస్తు పెట్టుకుని కూర్చుంది. గుడి తెరిచారు, పెళ్ళి ఆ గుడిలోనే చేశారు.

భర్త ధనరాజ్ చెడ్డవాడేం కాదు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, ఏనాడూ చెయ్యెత్తి ఎరగడు. కానీ గుడి కమిటీలో మాటా మాటా వచ్చిన రోజున ఆ ఇంట్లో సత్యశ్రీతో పలికేవాళ్ళు ఉండేవారు కాదు. ఒకసారి ఆ పలకకపోవడం నలభై రోజులు సాగింది. దేవి పుట్టినప్పుడు బంగారురాజు చూడటానికి రాలేదు. కమిటీ ఎన్నికలు దగ్గర పడ్డాయి, ఇప్పుడొస్తే గంజాం ఓట్ల కోసం వచ్చాడంటారని కబురు పంపాడు. లోకం దృష్టిలో అంత ధర్మంగా నడుచుకునే మనిషి!

గారెలు సగం వేగాయో లేదో అన్న సత్యప్రసాద్ వంటింట్లోకి వచ్చాడు. నాన్న పోయి నెలే అయింది, ఘటం ఈ ఏడు మేమే ముందెత్తుతామని గంజాం వాళ్ళు అప్పుడే మొదలెట్టారట. తండ్రి కుర్చీలో కూర్చున్నాక తండ్రిలా ఏదో ఒకటి చెయ్యకపోతే ఎలా అని అతను వారం నుంచి ఆలోచిస్తున్నాడట.

"ఆనాడు నాన్న పిల్లనిచ్చి కలిపినారు. నాను పిల్లని తెచ్చుకుని కలుపుతాను" అన్నాడు. "మన సూరికి దేవిని చేసుకుంటాం చెల్లీ. సభలో చెప్పీస్తాను."

సత్యశ్రీ చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది. పెళ్ళి ఏడాది తిరిగాకేననీ, మాట మాత్రం ఇవాళ నాన్న ఫొటో ముందేననీ అతను చెప్పుకుపోతున్నాడు. సొంత మేనరికం, తెలిసిన ఇల్లు, తన కొడుకు సూరి బుద్ధిమంతుడు. ఆ మాటకొస్తే ధనరాజూ బుద్ధిమంతుడేనని ఆమెకు అనాలనిపించింది.

"వద్దన్నియ్యా" అంది.

"బావ ఒప్పేసుకున్నాక నీ వద్దేటి?"

సత్యశ్రీ తల్లి వైపు చూసింది. తాయారమ్మ మూకుట్లో గారె తిరగేస్తోంది, తలెత్తలేదు. పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, ఈ ఇంట్లో ఆవిడ మాట ఏనాడు చెల్లింది గనక అనుకుంది సత్యశ్రీ. తొమ్మిదింటికి ధనరాజ్ వస్తే అతన్ని పక్కకు పిలిచి అడిగింది. అతను చెప్పుల వైపు చూస్తూ, పదిమంది పెద్దల్లో అడిగారనీ, కాదంటే మర్యాదగా ఉండదనీ గొణిగాడు.

గుడి హాలు నిండింది, మైకు కోసం జనరేటరు నడుస్తోంది. దండ వేసిన ఫొటో పక్కన నిలబడి వాసుదేవరావు అనే పెద్దాయన, బంగారురాజు గారి సేవలు ఒక్కొక్కటే చెప్పి ఆడవాళ్ళను ఏడిపించాడు. చివరికి, కన్నకూతురినిచ్చి ఈ గుడి తలుపులు తెరిపించిన త్యాగమూర్తి అని, ఆ కూతురు ఇక్కడే ఉంది, లేచి నిలబడమ్మా అన్నాడు. సత్యశ్రీ లేచింది. హాలంతా చప్పట్లు కొట్టింది. సత్యప్రసాద్ గొంతు సవరించుకుని మైకు వైపు కదిలాడు. అతని కంటే ముందు ఆమె వెళ్ళింది.

"మా నాన్న మీకందరికీ మంచి చేసినారు. నాను కాదన్ను" అంది. "ఆయన మిమ్మల్ని కలిపినారు. మీరు పండగ చేసుకున్నారు. ఆ తరవాత ఈ హాల్లో మీరు తగువాడిన పెతిసారీ నా అత్తింట్లో నాతోటి మాటాడేవోళ్ళు లేరు. ఇరవై ఎనిమిదేళ్ళు! ఇప్పుడు నా పిల్లని అడుగుతున్నారు. ఘటం మీరెత్తుకోండి, మీరే దించుకోండి. నా పిల్లని మాత్రం అందులోకి లాగకండి."

ధనరాజ్ తల దించుకున్నాడు. సత్యప్రసాద్ ముఖం నల్లబడింది.

"నాన్న ఫొటో ముందర ఏటే ఈ మాటలు? ఆయన నీకేటి తక్కువ చేసినారు?"

"మనిషినని చూసినారా నన్ను? అమ్మనైనా నోరెత్తనిచ్చినారా?"

"నన్ను అడిగినారు."

ఆ మాట అన్నది తాయారమ్మ. ఆ హాల్లో ఏనాడూ మాట్లాడి ఎరగని మనిషి, గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"లింగరాజు ఇంటికి బయలుదేరే ముందు మీ నాన్న నన్ను అడిగినారే. తాయారూ, పిల్లని ఆ ఇంటికి ఇయ్యనా, నువ్వు వద్దంటే నాను పోను అన్నారు. నానే ఇచ్చీమన్నాను. ఊరంతా మన గుమ్మం ముందు దణ్ణం పెడతారని ఆశపడ్డాను. నువ్వు పక్కగదిలో ఏడుస్తుంటే నాను వినీ పసుపు దంచుకున్నాను. పొద్దుట్నించి సెప్దామనుకున్నాను, నోరు రాలేదు." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "నన్ను ఇప్పుడడుగు. ఈసారి వద్దంటాను."

ఇన్నేళ్ళూ సత్యశ్రీ తల్లిని తనలాంటిదే అనుకుని జాలిపడింది. కోపమంతా తండ్రి మీదే దాచుకుంది. ఆయన మంచం పట్టిన ఆర్నెల్లూ వచ్చి గంజి తాగించింది గానీ, పట్టుకొమ్మని చెయ్యి చాస్తే ఆ చేతిలో గ్లాసు పెట్టింది. అంటే ఆయన అడిగాడన్నమాట. అమ్మనడిగాడు, లింగరాజునడిగాడు. అన్ననీ ఒక మాట అడిగే ఉంటాడు. తననొక్కదాన్నే అడగలేదు.

ఆమె చూపు దేవి కోసం వెతికింది. హాలు చివర ఆడవాళ్ళ మధ్య, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది పిల్ల. పొద్దున వంటింటి గడపలో కూర్చుని ప్రతి మాటా విన్న పిల్ల. అన్నతో, భర్తతో, ఇంతమందితో ఈ పిల్ల గురించి పోట్లాడిన తనకు, ఈ పిల్లను ఒక్క మాట అడగాలని తోచలేదు. సిగ్గుతో ముఖం వేడెక్కింది. మైకు వదిలేసి వెళ్ళి కూతురి ఎదురుగా కూలబడింది.

"నీకేటి ఇష్టమే దేవీ?"

ఇంట్లో ఎప్పుడూ బర్మా భాషలోనే జవాబిచ్చే దేవి, అందరికీ వినపడేలా తెలుగులో చెప్పింది. "సూరి బావ మంచోడు. నాకు ఇష్టం లేదు. పొద్దుట్నించి ఎవరైనా అడుగుతారని చూస్తున్నాను అమ్మా. నువ్వూ ఇప్పుడే అడిగినావు."

సత్యప్రసాద్ ఏదో అనబోతే ధనరాజ్ అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. తన మాట వెనక్కి తీసుకుంటున్నానని, తల ఎత్తకుండానే చెప్పాడు. పెద్దలు గుసగుసలాడుకుంటూ లేచారు. ఘటం సంగతి ఘటం దగ్గరే చూసుకోవచ్చని ఎవరో అన్నారు. తాయారమ్మ నెమ్మదిగా వచ్చి కూతురి పక్కన కూర్చుంది. సత్యశ్రీ జరగలేదు, దగ్గరకీ తీసుకోలేదు. కాసేపటికి తల్లి తల తన భుజానికి ఆనితే ఆననిచ్చింది.

హాలు ఖాళీ అయ్యాక లేచి తండ్రి ఫొటో దగ్గరికి వెళ్ళింది. నెల రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

"నన్ను ఒక్కసారి అడగలేకపోయినావా నాన్నా? నువ్వడిగితే, నాను సరే అనేదాన్ని."