టైగర్ ఫోర్ ఆఖరి డ్యూటీ

చీఫ్ బల్ల మీద పెట్టిన ఫొటోను ఏజెంట్ పిచ్చుక చేతిలోకి తీసుకుని రెండుసార్లు చూశాడు. అందులో ఉన్నది అతని సొంత బావ.

"తెలుసా?" అన్నాడు చీఫ్.

"మా అక్క భర్త సార్. పోలీసు గ్యారేజీలో హెడ్ డ్రైవర్."

"తెలిసే పిలిచాను. కూర్చో."

పిచ్చుక కూర్చున్నాడు. ఆ కోడ్‌నేమ్ డిపార్ట్‌మెంటు కంప్యూటర్ పెట్టింది. ఆరడుగుల మనిషికి పిచ్చుకేమిటని ఎవరూ అడగలేదు. అడిగినా అది జవాబు చెప్పదు. ఇంట్లోవాళ్ల దృష్టిలో మాత్రం అతను వాటర్ ఫిల్టర్లు అమ్ముకునే సేల్స్‌మన్. నమ్మకం కుదరడానికి అక్క వంటింట్లో ఒక ఫిల్టర్ కూడా బిగించాడు. బిగించిన రోజు నుంచీ అది కారుతూనే ఉంది.

చీఫ్ బ్రీఫింగ్ ఎప్పుడూ టెలిగ్రాం భాషలోనే. "సాలెగూడు. విదేశీ ముఠా. వాళ్ల మనిషి ఒకడు మన వైపు వచ్చేశాడు. ఇక్కడ తిరిగే వాళ్ల ఏజెంట్లందరూ ఎవరో అతనికి తెలుసు. మనం అతన్ని 'అతిథి' అంటున్నాం. ఇవాళ మధ్యాహ్నం జడ్జిగారి ముందు నోరు విప్పుతాడు. ఈలోపే ఎత్తుకుపోయి చంపాలని సాలెగూడు ప్లాన్."

"ఎలా సార్?"

"పోలీసు బండిలో. ఇవాళ మన పాత పెట్రోలింగ్ కార్లన్నీ రిటైరవుతున్నాయి. కొత్తవి దిగుతున్నాయి. సాయంత్రందాకా రోడ్ల మీద రెండు రకాలూ తిరుగుతాయి. ఏది ఎవరిదో ఎవడికీ తెలీదు. ఈ గందరగోళంలో ఒక పాత బండి మాయమైంది. టైగర్ ఫోర్. స్క్రాప్ యార్డుకి పంపామని గ్యారేజీ అంటోంది. యార్డులో లేదు. ఆఖరున నడిపింది మీ బావ."

"మా బావ అలాంటివాడు కాదు సార్."

"ఎవరి బావా అలాంటివాడు కాదు," అన్నాడు చీఫ్ ఫొటో వెనక్కి తీసుకుంటూ. "నువ్వే వెళ్లు. ఇంకొకళ్లని పంపితే చెయ్యి చేసుకుంటారు. ఆ తర్వాత సేఫ్ హౌస్‌కి రా. ఎస్కార్ట్ బండి నెమలి తెస్తుంది."

నెమలి పేరు వింటే డిపార్ట్‌మెంటులో ప్రతివాడూ టై సర్దుకుంటాడు. ఆమె కారిడార్లో నడిచి వెళ్తే గుమాస్తాల చేతుల్లో ఫైళ్లు నిలిచేవి కావు. పిచ్చుక కూడా ఆమెకు పరుగున కాఫీ తెచ్చి ఇచ్చిన బాపతే. కంప్యూటర్ ఆమె ఒక్కదానికే న్యాయం చేసిందని అందరి ఏడుపూ.

గ్యారేజీ నిండా పొగ కమ్మి ఉంది. వరసగా నిలబెట్టిన పాత కార్లన్నీ గుడగుడమంటూ వణుకుతున్నాయి. బ్యాటరీలు చచ్చి చాలాకాలమైంది. ఒకసారి ఇంజన్ ఆపితే నలుగురు తోస్తేగాని కదలవు. అందుకని డ్యూటీ ఎక్కిన డ్రైవరు దిగేదాకా ఇంజన్ ఆపేవాడు కాదు. రిటైరయ్యే రోజున కూడా ఆ అలవాటు పోలేదు. కొన్నిటికి వైర్‌లెస్ సెట్లు విప్పుతున్నారు. కొన్నిటికి తలుపుల మీది అక్షరాలు బ్లేడుతో గీకుతున్నారు. అవతలి షెడ్డులో కొత్త కార్లు సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లతో పెళ్లికొడుకుల్లా కూర్చున్నాయి.

పిచ్చుక పాత కార్లకు ధర కట్టే వేలం కంపెనీ వాల్యూయర్ వేషంలో వెళ్లాడు. దిండు కట్టిన పొట్ట, కెమెరా ఉన్న కళ్లద్దాలు, మైకు ఉన్న చొక్కా గుండీ, గుబురు మీసం.

బావ బ్లేడు పట్టుకుని ఎగాదిగా చూశాడు. "ఏరా బామ్మర్దీ, ఎడంపక్క మీసం ఊడుతోంది చూసుకో. నాటకాల్లో గానీ చేరావా?"

"పార్ట్ టైం ఉద్యోగం బావా. ఫిల్టర్లు పోవట్లేదు."

"ఎలా పోతాయి? మా ఇంట్లోది చూసినవాడెవడైనా కొంటాడా?"

మామూలుగా అయితే పిచ్చుక నవ్వేవాడు. ఇవాళ నవ్వు రాలేదు. "టైగర్ ఫోర్ ఏది బావా?"

బావ చేతిలో బ్లేడు ఆగిపోయింది. "యార్డుకి వెళ్లిపోయింది," అన్నాడు తల ఎత్తకుండా. అబద్ధమాడితే అతని చెవులు ఎర్రబడతాయి. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇప్పుడవి కందిపోయాయి.

ఆ బండి వాళ్లింట్లో మనిషి లాంటిది. అక్కకు నొప్పులొచ్చిన రోజు ఆసుపత్రికి తీసుకెళ్లింది అదే. కంగారులో బావ గుమ్మం ముందు ఇంజన్ ఆపేస్తే, వెనక భుజం ఆనించి వీధి చివరిదాకా తోసింది పిచ్చుకే. డిక్కీ మూత మీద పడ్డ సొట్ట అతని భుజానిదే. "సెకండ్ గేర్లో వదిలితేనే అందుకుంటుందిరా, ఫస్ట్‌లో వదిలితే గతుక్కుమని ఆగిపోతుంది" అని బావ అరిచిన అరుపు ఇంకా చెవిలో ఉంది. మేనకోడలు ఆ వెనక సీటు మీదే పుట్టబోయి, దయతలచి ఆసుపత్రి మెట్లదాకా ఆగింది.

"నిజం చెప్పు బావా. ఎవరికిచ్చావు?"

"చెప్పనని మాటిచ్చానురా."

"ప్రాణాలు పోయే వ్యవహారం!"

"పాత బండికి ప్రాణాలేమిటి? నీకెందుకివన్నీ?"

పిచ్చుక మీసం పీకేసి బేడీలు తీశాడు. సరిగ్గా అప్పుడే అక్క క్యారియర్ పట్టుకుని గేట్లోంచి వచ్చింది. మొగుడి చేతులకు తమ్ముడు బేడీలు వేస్తుంటే నిలబడిపోయింది.

"ఏరా తమ్ముడూ, నువ్వు ఫిల్టర్లు అమ్ముతావు కదరా?"

ఎన్నో దేశాల్లో ఎందరి కళ్లలోకో చూసి అబద్ధాలాడినవాడు ఆ కళ్లలోకి చూడలేకపోయాడు. అక్క క్యారియర్ బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

లాకప్పులో కూడా బావ నోరు విప్పలేదు. పిచ్చుక సేఫ్ హౌస్ చేరేసరికి అతిథి సిద్ధంగా ఉన్నాడు. బక్కపలచటి మనిషి. బ్యాగు ఒళ్లో పెట్టుకుని తలుపు వైపే బితుకు బితుకుమంటూ చూస్తున్నాడు.

బయట పోలీసు కారు వచ్చి ఆగింది. తలుపు మీద టైగర్ నైన్ అని ఉంది. నల్లద్దాలు, ఎర్రటి స్కార్ఫ్‌తో నెమలి దిగింది.

"వానొచ్చేలా ఉంది," అంది.

"గొడుగు ఉతకడానికి వేశాను," అన్నాడు పిచ్చుక.

కోడ్ సరిపోయింది. యూనిఫాం, వైర్‌లెస్, నంబర్ ప్లేటు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. అతిథిని వెనక సీట్లో కూర్చోబెట్టి తలుపు వేశాడు. ఆ తలుపులు దొంగల కోసం చేసినవి, లోపల్నుంచి తెరుచుకోవు. నెమలి డ్రైవరు పక్కన ముందు సీట్లోకి ఎక్కింది.

పిచ్చుకకు ఏదో వెలితిగా అనిపించింది. వీధి మరీ ప్రశాంతంగా ఉంది. ఎక్కడో పిల్లలు ఆడుకునే చప్పుడు కూడా వినిపిస్తోంది. పాత పోలీసు కారు పక్కన నిలబడితే ఎదుటివాడి మాటే వినపడదు కదా!

"డ్రైవరుగారూ, ఇంజన్ ఆపేశారే?"

"రూలు కదా సార్. పెట్రోలు ఆదా," అన్నాడతను వినయంగా.

ఏ పోలీసు డ్రైవరూ చెయ్యని పని అది. వెనక్కి రెండడుగులు వేసి డిక్కీ మూత చూశాడు. సొట్ట ఉంది. తన భుజం సొట్ట. టైగర్ ఫోర్ మీద తొమ్మిది అంకె అంటించారు. చొక్కా గుండీ గట్టిగా నొక్కి, "చీఫ్, ఇది టైగర్ ఫోర్," అని గొణిగాడు.

నెమలి అద్దంలో చూడనే చూసింది. సీటు మీద మోకాళ్లేసి వెనక్కి తిరిగి, పిస్తోలు అతిథి నుదుటికి ఆనించింది.

"నువ్వా?" అన్నాడు పిచ్చుక.

"నేనే. నీ కాఫీలో చక్కెర ఎప్పుడూ ఎక్కువే పిచ్చుకా. పోనివ్వు డ్రైవర్!"

డ్రైవరు తాళం తిప్పాడు. కిర్రుమంది. మళ్లీ తిప్పాడు. ఈసారి అది కూడా అనలేదు.

"ఏమైంది?" అంది నెమలి.

"మన షెడ్డులో వేరే బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేశాం మేడమ్. ఇప్పుడు..." వాడి గొంతులో వినయం పోయి వణుకు వచ్చింది.

నెమలి ఒక్క క్షణం ఆలోచించింది. "పిచ్చుకా, వెనక్కెళ్లి తొయ్యి. తొయ్యకపోతే ఇతన్ని ఇక్కడే కాల్చేస్తాను."

పిచ్చుక తన సొట్టలో తన భుజం పెట్టాడు. అతిథి చస్తే బావ జీవితాంతం ద్రోహిగానే మిగిలిపోతాడు. బండి కదిలింది. రోడ్డు పల్లం పట్టింది. బండి వేగం అందుకుంది.

"ఫస్ట్ గేర్!" అని గొంతు చించుకుని అరిచాడు. "ఫస్ట్ గేర్ వేసి క్లచ్ వదులు!"

తోసేవాడి మాట వినడం ఏ డ్రైవరుకైనా అలవాటే. వదిలాడు. టైగర్ ఫోర్ గతుక్కుమని నిలువునా ఆగిపోయింది. వెనక్కి తిరిగి ఉన్న నెమలి ఎగిరి వీపుతో డ్యాష్‌బోర్డును గుద్దుకుంది. పిస్తోలు పేలి పైకప్పుకు చిల్లు పడింది. పిచ్చుక వెనక తలుపు లాగి, అతిథిని కాలర్ పట్టుకుని రోడ్డు మీదకు ఈడ్చాడు. నెమలి తేరుకుని పిస్తోలు మళ్లీ ఎత్తేసరికి కొత్త పోలీసు కార్లు చుట్టూ నిలబడి ఉన్నాయి. అవి వచ్చిన చప్పుడు ఎవరికీ వినపడలేదు.

సాయంత్రం పిచ్చుక లాకప్ తాళం తీశాడు. బావ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జరిగింది విని తల పట్టుకున్నాడు.

"మ్యూజియం అందిరా ఆవిడ," అన్నాడు చివరికి. "తుడిచి, అద్దాల గదిలో పెడతామంది. ప్రారంభోత్సవందాకా ఎవరికీ చెప్పొద్దంది. దాన్ని మెషీన్లో పడేసి నలిపేస్తారంటే తట్టుకోలేకపోయాను. తప్పే. ఉద్యోగం పోతుందా?"

"ఎంక్వైరీ ఉంటుంది బావా. నేను చెప్పగలిగింది చెప్తాను." అంతకుమించి మాటివ్వలేకపోయాడు. "ఆవిడ బండి గురించి ఏమేం అడిగింది?"

"అన్నీ అడిగింది. అన్నీ చెప్పాను."

"ఇంజన్ ఆపొద్దని?"

బావ అయోమయంగా చూశాడు. "మ్యూజియంలో పెట్టే బండికి ఆ మాట ఎందుకు చెప్తానురా?"

పిచ్చుకకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. బావను తీసుకుని ఇంటికి వెళ్లాడు. అక్క మొగుణ్ణి ఆపాదమస్తకం తడిమి చూసుకుని లోపలికి పంపింది. తమ్ముణ్ణి మాత్రం గుమ్మంలోనే ఆపింది.

"అక్కా, నన్ను క్షమించు. నేను నిజానికి..."

"నువ్వెవరైతే నాకేంటి?" అంది అక్క, స్క్రూడ్రైవర్ చేతిలో పెడుతూ. "నాకు ఫిల్టర్ అమ్మింది నువ్వే కదా. నడు వంటింట్లోకి."