ఛాయాదేహం గుండె చప్పుడు

తొమ్మిదో తరగతి పిల్లలు చేతులు కడుక్కుని శరీరశాస్త్రం గదిలోకి వచ్చారు. బల్ల మీద కుర్రవాడొకడు కళ్ళు తెరిచి, ఊపిరి తీసుకుంటూ పడుకుని ఉన్నాడు. ఎవరూ ఉలిక్కిపడలేదు. 2078లో ఉన్నత పాఠశాలల్లో శరీర నిర్మాణం, శరీర ధర్మాలు పై స్థాయిలో చెప్పడం మొదలైనప్పటి నుంచి కాకినాడ పిల్లలకు ఈ దృశ్యం అలవాటే. కప్పను కోయడం తాతల కాలం మాట.

ఆ కుర్రవాడు ఛాయాదేహం. ఒక మనిషి చివరి నెలల్లో అతని శరీరం ఎలా పనిచేసిందో రక్తంలో తిరిగే సూక్ష్మ సెన్సర్లు నమోదు చేస్తాయి. అతను పోయాక, ఆ నమోదు ప్రకారం జెల్‌తో అల్లిన దేహంలో గుండె కొట్టుకుంటుంది, పేగులు కదులుతాయి, చర్మానికి చెమట పడుతుంది. వేలితో తాకినచోట చర్మం అద్దంలా మారి లోపలి అవయవం కనిపిస్తుంది. ఆలోచనకూ జ్ఞాపకానికీ మెదడులో చోటు లేదు. వెలుగుకూ చలికీ శబ్దానికీ ఒళ్ళు అలవాటుపడిన స్పందనలు మాత్రం మెదడు కాండంలో మిగిలి ఉంటాయి. దేహం ఎవరిదో పిల్లలకు చెప్పరు.

ఆ రోజు పాఠం చూడడానికి, ఛాయాదేహాన్ని కనిపెట్టిన డాక్టర్ పరాంకుశం వచ్చాడు. వరండాలో టీచరు విభావరితో మెల్లగా అన్నాడు.

"మీలోనే ఉంచుకోండమ్మా. ఆ దేహం మా అబ్బాయి కౌండిన్యది. పదహారేళ్ళకే జ్వరంతో పోయాడు."

విభావరి తలుపులోంచి బల్ల వైపు చూసింది.

"వాడు నన్ను గుర్తుపడతాడండీ. నా గొంతు వింటే చాలు, గుండె వేగం పెరుగుతుంది. ల్యాబ్‌లో ఎన్నిసార్లు చూశానో. కన్నతండ్రిని ఒళ్ళు మరిచిపోతుందా?"

లోపలికి వచ్చి ఆయన బల్ల పక్కన నిలబడ్డాడు. "ఏరా, బావున్నావా?" అన్నాడు.

గుండె చప్పుడు వేగం అందుకుంది. ఆయన ముఖం వెలిగింది. పిల్లల వైపు తిరిగి, "ఇప్పుడేం జరిగిందో ఎవరు చెబుతారు?" అని అడిగాడు.

నస్రీన్ అనే అమ్మాయి ముందుకు వచ్చింది. కుర్రవాడి అరచేయి పట్టుకుంది, పొట్ట మీద వేలు ఆనించి లోపలికి చూసింది, కనుపాపలు గమనించింది.

"భయపడుతున్నాడు సార్."

"సంతోషం కలిగినా గుండె వేగం పెరుగుతుంది కదమ్మా."

"పెరుగుద్ది సార్. కానీ చేతులు చల్లబడిపోయాయి. పేగులు కదలడం లేదు. భుజాలు చూడండి, ఎలా బిగుసుకుపోయాయో. పోయిన వారం మేడమ్ చెప్పారు, ఇవన్నీ కలిస్తే భయమేనంట. నేను మాట్లాడుతుంటే ఏమీ లేదు. మీరు మాట్లాడితేనే."

"చాలు నస్రీన్," అంది విభావరి.

"చెప్పనివ్వండి," అన్నాడు పరాంకుశం.

ఇన్నేళ్ళలో ఆయన గుండె వేగం తప్ప మరొకటి చూడలేదు. చూడాలనిపించలేదు. ఇప్పుడు కొడుకు చేయి పట్టుకున్నాడు. మంచులా ఉంది.

"నేను వాణ్ణి ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

కొట్టవలసిన అవసరం రాలేదు. పిలిస్తే చాలు, కౌండిన్య వచ్చి చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఎంత వినయమో అని చుట్టాలు మెచ్చుకునేవారు. ఆసుపత్రిలో జ్వరం తగ్గని రోజుల్లోనూ, పరీక్షలకు వెనకబడకూడదని ఆయన మంచం పక్కన కూర్చుని పాఠాలు చదివి వినిపించాడు, మధ్యమధ్య ప్రశ్నలు వేశాడు. కొడుకు కళ్ళు మూసుకుంటే గొంతు పెంచాడు. అప్పుడు సెన్సర్లు నమోదు చేస్తూనే ఉన్నాయి.

ఆయన వంగి, తన గొంతులో ఉన్న మెత్తదనమంతా కూడగట్టుకుని, "నాన్నా," అన్నాడు.

గుండె ఇంకా వేగంగా కొట్టుకుంది. నుదుటి మీద చెమట పోసింది.

పరాంకుశం చేయి వదిలి, అడుగుల చప్పుడు కాకుండా వరండాలోకి నడిచాడు. చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. విభావరి తలుపు దగ్గరికి వచ్చింది.

"తగ్గిందా అమ్మా?" అన్నాడు, లోపలికి వినపడనంత మెల్లగా.

"తగ్గిందండీ. తలుపు వేసేయమంటారా?"

ఆయన తల ఊపాడు.