గర్ఘరుడి ఆనకట్టకు వకుళ చెప్పిన జవాబు

హేమకూట రాజ్యాన్ని పాలించే విజృంభణ మహారాజుకు పొగడ్తంటే ప్రాణం. అన్నం లేకపోయినా ఉండగలడేమో గాని, పొగడ్త లేనిదే ఆయనకు పూట గడవదు. అందుకని ఆ రాజ్యంలో ఒక దిక్కుమాలిన ఆచారం పుట్టింది. ఎవరు ఏం రాసినా, ఆఖరికి కందిపప్పు పంపమని కొట్టువాడికి చీటీ రాసినా సరే, ముందు రాజుగారిని పొగడాలి. తర్వాత ఆయన తండ్రిని, తాతను, ముత్తాతను, ముత్తాతగారు ఎక్కి తిరిగిన ఏనుగును కూడా పొగడాలి. అవన్నీ అయ్యాకే అసలు విషయానికి రావాలి.

రాజపాఠశాలలో పిల్లలకు నేర్పేదీ ఆ వెధవ విద్యే. పరీక్షనాడు నీళ్ల తొట్టెలో అడుగున చిల్లి ఉన్న రాగి గిన్నె ఒకటి వేసేవారు. చిల్లిలోంచి నీళ్లెక్కి గిన్నె మునిగేలోగా జవాబు రాసెయ్యాలి. పిల్లలు ఏనుగు తొండం వర్ణించేసరికి గిన్నె బుడుంగున మునిగేది. ఆచార్యులవారు తొండం భేషుగ్గా ఉందని తల ఊపేవారు. అడిగినదానికి జవాబేదిరా అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. వాళ్లను చదువుకున్నవాళ్లు అనడానికి నాకు నోరు రాదు పిల్లలూ.

ఇలా ఉండగా ఒక ఎండాకాలం, ఊరికి ప్రాణాధారమైన శీతలా నది సన్నటి ధారైపోయింది. ఎగువ కొండలో గర్ఘరుడనే రాక్షసుడు దానికి అడ్డంగా బండ పెట్టాడట. బావులు ఎండాయి. పశువులు నాలుకలు చాచి పడిపోయాయి. నదిని వదలమని రాజు కబురు పంపితే రాక్షసుడు తిరుగు కబురు పంపాడు.

"ఈ నదిని నేనెందుకు వదలాలి? ఎవరైనా వచ్చి, మీ పాఠశాలలోలాగే చిల్లిగిన్నె మునిగేలోగా తాటాకు మీద రాసి చూపండి. జవాబు పూర్తయితే వదిలేస్తాను. కాకపోతే రాసినవాడు శిలైపోతాడు."

రాజు మహా సంబరపడిపోయాడు. పండితులకేం తక్కువ ఆ రాజ్యంలో! ఒకాయన్ని పంపాడు, ఆయన తిరిగి రాలేదు. ఇంకొకాయన్ని పంపాడు, ఆయనా అంతే. ఒక్కొక్కరు వెళ్లినకొద్దీ నది ఇంకా సన్నబడి, చివరికి పూర్తిగా ఆగిపోయింది. పోయినవాళ్లు ఎందుకు పోయారో ఆలోచించాలన్న ఇంగితం ఉండొద్దూ? లేదు. వెళ్లేవాడికి శాలువా కప్పడం, మేళతాళాలతో సాగనంపడం, మర్నాడు ఇంకొకడిని వెతకడం. చివరికి సునందుడనే యువకుడి వంతు వచ్చింది.

సునందుడికి వకుళ అనే చెల్లెలుంది. తల్లిదండ్రులు పోయినప్పుడు ఆ పిల్లకు ఊహ తెలియదు. సునందుడే ఆమెకు అన్నం కలిపి పెట్టాడు, జడలల్లాడు, అక్షరాలు దిద్దించాడు. వెళ్లేముందు "రెండు పూటలా తిను, పస్తుండకు" అని చెప్పి వెళ్లాడు. అతడూ తిరిగి రాలేదు. రాజుగారు పెద్దగా ఒక నిట్టూర్పు విడిచి, ఇంకో శాలువా తెమ్మన్నారు.

"శాలువా నాకు కప్పండి. నేను వెళ్తాను. మా అన్నను తెచ్చుకుంటాను" అంది వకుళ.

ఆహా, ఎంత తెలివైన పిల్ల అనుకుంటున్నారు కదూ? ఏం కాదు. రాజపాఠశాలలో మొదటి స్థానం ఆమెదే. అంటే అందరికన్నా ఎక్కువగా చెడిపోయిన పిల్లన్నమాట. కాకపోతే అన్న మీద ప్రాణం పెట్టుకుంది. ఆమె దగ్గర ఉన్న మంచి సరుకు అదొక్కటే.

అడవిలో అడుగుపెట్టగానే ఒక గుహ ముందు ముని కనిపించాడు. ఆయన కళ్లు తెరిచి, "ఏం కావాలమ్మా?" అన్నాడు.

వకుళ చేతులు జోడించి మొదలుపెట్టింది. "తపోధనా! తమ జటాజూటం వంటి జటాజూటం, తమ గురువుగారి కమండలం వంటి కమండలం..."

ముని కళ్లు మూసుకున్నాడు. ఎంత పిలిచినా పలకలేదు. మర్నాడు సూర్యుడు ఎక్కాక కళ్లు తెరిచి, "ఏం కావాలి?" అని మళ్లీ అడిగాడు. ఈ బుద్ధిమంతురాలు ఈసారి ఆయన గురువుగారి గురువును కూడా కలిపి పొగిడింది! ముని మళ్లీ కళ్లు మూశాడు. ఆ పూటంతా ఎండలో కూర్చుని, ఆకలికి కడుపు నకనకలాడి, చివరికి ఆమెకు ఏడుపొచ్చింది. ముని కళ్లు తెరవగానే, "గర్ఘరుడి కొండకు దారి కావాలి స్వామీ!" అని అరిచింది.

"హమ్మయ్య! ఇంత చిన్న మాటకు నా తపస్సు పాడు చేశావు కదే తల్లీ. నేను అడిగిందేమిటి, నువ్వు చెప్పిందేమిటి? అడిగింది చెవినపెట్టు. దానికే జవాబు చెప్పు. నా జడల సంగతి నాకు తెలియదా?" అని ముని చిరాకుపడ్డాడు. తర్వాత దారి చెప్పాడు. ముందు లోతైన లోయ వస్తుంది. దాన్ని దాటితే జలపాతం, జలపాతానికి కుడివైపు గర్ఘరుడి కొండ. "కాలినడకన పోలేవు. ఆ రాతిగుట్ట మీద గండభేరుండం ఉంటుంది. నేను పంపానని చెప్పు."

గండభేరుండమంటే రెండు తలల మహాపక్షి. రెండు తలలూ వకుళను ఎగాదిగా చూశాయి. "ఎక్కు. దారి నువ్వే చెప్పాలి. నువ్వు చెప్పినట్టే మేం పోతాం" అన్నాయి.

వకుళ ఎక్కి కూర్చుంది. పక్షి గాల్లోకి లేవగానే ఆమెకు తెలిసినవన్నీ ఒక్కసారిగా నోట్లోకి వచ్చాయి. "కొండకు పోవాలి! కుడివైపు... అన్నట్టు ముందు లోయ ఉంది! జలపాతం కూడా ఉందండోయ్! కొండ చాలా ఎత్తట, లోయ ఇంకా లోతట!"

ఒక తల కొండకేసి తిరిగింది. ఇంకో తల జలపాతం వైపు తిరిగింది. రెక్కలు రెండూ పెనుగులాడి, పక్షి గిర్రున తిరిగి, ముళ్లపొదలో దబ్బున పడింది. వకుళ మోచేతులు చీరుకుపోయాయి.

"నీ నోట్లో పుల్ల పెట్ట!" అంది కుడితల.

"మనం ఒక ఒంటి మీద రెండు తలలతో బతుకుతున్నాం, అయినా ఇంత గందరగోళం లేదు. దీనికి ఉన్నది ఒక్క తలే, అందులో ఎన్ని మూటలు విప్పిందో చూడు" అంది ఎడమతల.

వకుళకు సిగ్గేసింది. ముళ్లు తీసుకుంటూ, ఏది ముందో, ఏది తర్వాతో మనసులోనే వరస కట్టుకుంది. మళ్లీ ఎక్కి, "ముందు లోయ దాటండి" అని ఊరుకుంది. లోయ దాటాకే "ఇప్పుడు జలపాతం దగ్గరికి" అంది. అక్కడికి చేరాకే "ఇప్పుడు కుడికి" అంది. రెండు తలలూ ఒక్కవైపే చూశాయి. పక్షి హాయిగా కొండ మీద వాలింది.

కొండ కొన మీద గర్ఘరుడు ఆవులిస్తూ కూర్చున్నాడు. తాటిచెట్టంత మనిషి, కళ్లకింద నల్లటి చారలు. అతడి వెనక ఆనకట్ట. వకుళ దగ్గరికెళ్లి దాన్ని చూసింది. ఆ రాళ్లకు ముక్కులున్నాయి. తలపాగాలున్నాయి. చేతుల్లో తాటాకు మీద రాసే గంటాలున్నాయి, అవీ రాతివే. పై వరసలో చివరి రాయి సునందుడు.

"అన్నా!" అని ఆమె గొంతు పగిలేలా అరిచింది.

"ఎందుకే ఆ గోల? నేను మొదట పెట్టింది ఒక్క బండే, స్నానానికి చిన్న మడుగు కట్టుకుందామని. మిగతా రాళ్లన్నీ మీ రాజుగారే శాలువాలు కప్పి పంపాడు. వచ్చినవాడల్లా ఏనుగు దగ్గర ఆగిపోయాడు. నేనడిగింది నది గురించి కదా, ఏనుగు సంగతి నాకెందుకు? చదివి చదివి నా తల బద్దలైపోతోంది. నువ్వూ ఏనుగేనా?" అన్నాడు గర్ఘరుడు.

"కాదు. ప్రశ్న ఇంకొక్కసారి చెప్పు."

రాక్షసుడు కాస్త ఆశ్చర్యపోయాడు. ఇంతవరకూ ఎవరూ అలా అడగలేదు. "ఈ నదిని నేనెందుకు వదలాలి?" అని చెప్పి, తాటాకు, గంటం ఆమె ముందు పడేసి, గిన్నెను నీళ్లలో వేశాడు.

వకుళ గంటం పట్టుకోలేదు. కళ్లెత్తి చుట్టూ చూసింది. ఆగిన నీరు పచ్చగా నాచుపట్టి కంపు కొడుతోంది. గర్ఘరుడి పక్కన ఎక్కడో ఊటలో పట్టి మోసుకొచ్చిన నీళ్ల కుండలున్నాయి. చూస్తుండగానే గిన్నెలోకి నీళ్లు ఎక్కసాగాయి.

"ఏమే, రాయవేం? నిద్రొస్తోందా?" అని రాక్షసుడు వెక్కిరించాడు. ఆమె చెప్పవలసిన సంగతులు మూడు ఎంచుకుని, వాటికి వరస కట్టుకున్నాక గంటం తీసింది.

తీసీ తీయగానే ఏం రాసిందనుకున్నారు? "శ్రీమద్విజృంభణ మహారాజ..." ఛీ! అలవాటు అంత దరిద్రపుది. చెయ్యి దానంతటదే పోయింది. వకుళ వెంటనే దాన్ని అడ్డంగా కొట్టేసింది. తర్వాత "మా అన్న" అని రాసింది. అంతే, కళ్లనిండా నీళ్లు. అన్న కలిపిన ముద్దలు, అల్లిన జడలు, అన్నీ రాసెయ్యాలనిపించింది. రాస్తే ఆకు చాలదు, గిన్నె ఆగదు. అతడు అడిగింది నది గురించి. ఆమె పెదవి కొరుక్కుని ఆ మాటా కొట్టేసింది. అది రాయడానికి ఇంకా చోటుంది, కాని దాని వంతు వచ్చేదాకా ఆగాలి. అప్పటికి గిన్నె సగం నిండింది. ఇక ఆమె చెయ్యి ఆగలేదు.

రాక్షసుడి చేతికి వెళ్లిన తాటాకు మీద ఇలా ఉంది.

"నువ్వు ఈ నదిని వదలాలి. పట్టి ఉంచితే నీకు లాభం లేదు, మాకు బతుకు లేదు, పైగా నువ్వు దీన్ని ఆపింది మనుషులను అడ్డం పెట్టి.

నీ లాభం సంగతి చూడు. ఆగిన నీరు కుళ్లిపోయింది. నది పక్కనే ఉండి నువ్వు ఊటనీళ్లు మోసుకు తాగుతున్నావు. స్నానానికి నువ్వు పెట్టిన మొదటి బండ చాలు.

మా బతుకు సంగతి విను. కింద దూడలు చచ్చిపోతున్నాయి. పిల్లలు బురదనీళ్లు వడకట్టుకు తాగుతున్నారు. వాళ్లెవరూ నీకు ఏ కీడూ చెయ్యలేదు.

ఇక ఈ రాళ్లు. ప్రతి రాయి కోసం ఒక ఇంట్లో ఎవరో అన్నం వండి ఎదురు చూస్తున్నారు. ఆ చివరి రాయి మా అన్న. నాకు ఇంకెవరూ లేరు. వీళ్లు లేవనిదే నది కదలదు.

నీకూ మేలు, మాకూ ప్రాణం, వీళ్లకూ ఇల్లు. అందుకే నదిని వదులు."

ఆమె గంటం కింద పెట్టింది. గిన్నె ఇంకా తేలుతూనే ఉంది. మిగిలిన ఆ కాస్త సమయంలో తాను రాసింది ఒకసారి చదువుకుని, దాటిపోయిన ఒక అక్షరం దిద్ది ఇచ్చింది. అప్పుడు మునిగింది గిన్నె.

గర్ఘరుడు చదివాడు. ఆకు తిప్పి వెనక వైపు చూశాడు. "అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది."

"ఏనుగు లేదు?"

"లేదు."

రాక్షసుడు మళ్లీ మొదటినుంచి చదివాడు. ఈసారి చివరి రాయి దగ్గర అతడి వేలు చాలాసేపు ఆగింది. "అబ్బ! ఎన్నాళ్లకు ఒక జవాబు చివరిదాకా చదివానే పిల్లా" అని, ఆనకట్టను చేత్తో ఒక్క తోపు తోశాడు.

రాళ్లు మెత్తబడ్డాయి. నది ఒక్క ఉరుకున దూకింది. పండితులందరూ తలపాగాలతో సహా నీళ్లలో మునిగి తేలుతూ, "ముత్తాతగారి ఏనుగు..." అంటూ ఆగినచోటినుంచే అందుకున్నారు. అంత ప్రాణం మీదికి వచ్చినా బుద్ధి రాలేదు, వాళ్ల సంగతి వదిలెయ్యండి. సునందుడు ఒడ్డు పట్టుకుని పైకొచ్చాడు. తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని, ఎదురుగా నిలబడ్డ చెల్లెల్ని చూశాడు.

"వకుళా, ఏంటే ఇలా చిక్కిపోయావు? అన్నం తినడం లేదా?" అన్నాడు.

వకుళ అన్నను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంతవరకూ ఆపుకున్నదంతా ఏడ్చింది.

వాళ్లకన్నా ముందే నది ఊరు చేరింది. దాహం మనిషికి కాస్త బుద్ధి నేర్పుతుందేమో, విజృంభణ మహారాజు ఎదురొచ్చి, "ఏం కావాలో కోరుకో" అన్నాడు. "పాఠశాల నాకు అప్పగించండి ప్రభూ" అంది వకుళ ఒక్క ముక్కలో. రాజు ఒప్పుకున్నాడు. తన కొడుక్కిచ్చి పెళ్లి చేస్తానని కూడా అన్నాడు. ఆ రాకుమారుడు తన అభిప్రాయం చెప్పడానికి పొద్దున మొదలుపెట్టి, సాయంత్రమైనా విషయానికి రాలేదు. వకుళ వద్దని చెప్పి ఇంటికి వెళ్లిపోయింది.

ఇంట్లో సునందుడు పొయ్యి ముట్టించి అన్నం వండాడు. అన్నాచెల్లెళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని కడుపునిండా తిన్నారు. మర్నాటినుంచి వకుళ పాఠశాల నడిపింది. ఆ పిల్లలు చెప్పదలచుకున్నది గిన్నె మునిగేలోగా చెప్పి, ఆడుకోవడానికి పోయేవారు.

అంతే, అయిపోయింది. అయిపోయాక కూడా ఇంకా ఏదో చెబుతూ కూర్చునేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. లేవండి.