మూడో కడుగు

ఏడో బోరు నుంచి రెండో కడుగు నీళ్లు కాలువలోకి పోతుండగా పరీక్ష యంత్రం తెర మీద మళ్లీ అదే వాక్యం వచ్చింది: "ఒక కడుగు చాలును. దయచేసి పంపు ఆపండి." నీటి పరీక్షకుడు ఓదెలు చూడనట్టే ఊరుకున్నాడు. కాలనీ నీళ్లను నడిపే కంప్యూటరు జలపాలి 'దయచేసి' అన్నదంటే విసుక్కుంటోందని అర్థం.

పైపులో నిలిచిన నీటినంతా మూడుసార్లు తోడిపోస్తేనే, అంటే మూడు కడుగులైతేనే, అడుగు నీరు పైకి వస్తుందని పాత పుస్తకాల్లో ఉంది. బ్యాటరీ ఆదా అవుతుందని అతనికంటే ముందువాళ్లు ఒక్కసారితో ఆపేశారు. పదకొండేళ్లుగా ఓదెలూ అక్కడే ఆపాడు. ఈ రోజు మాత్రం ఆపబుద్ధి కాలేదు. పోయిన నెల కాలనీలో ఒక పిల్ల అరచేతులు చూశాడు. చర్మం గట్టిపడి, జొన్నగింజలంత బుడిపెలు. అలాంటి చేతులు ఆరిళ్లలో ఉన్నాయట.

అతని కాళ్ల కింద నాలుగో గని ఉంది. బొగ్గు తీశాక మట్టీ బూడిదా కూరి దాన్ని పూడ్చేశారు. ఆ పూడికలో ఊరిన నీరే పైన కట్టిన కాలనీకి దిక్కు.

మూడో కడుగు అయింది. సూచిక కాసేపు తడబడి నిలిచింది. ఆర్సెనిక్ విషం, లీటరుకు 312 మైక్రోగ్రాములు. హద్దు పది.

"అసాధారణ విలువ. ఇరవై ఏళ్ల రికార్డుతో సరిపోలదు. తొలగించాము."

ఓదెలుకు అప్పుడు అర్థమైంది. నిలిచిన నీటికి గాలి తగిలితే అందులోని ఇనుము తుప్పై కిందికి దిగుతుంది, విషాన్నీ వెంట తీసుకుపోతుంది. ఇరవై ఏళ్లుగా జలపాలికి అందరూ కలిసి నేర్పింది ఆ పైతేట నీటి విలువలనే. కాలనీకి పంపు తోసేది అడుగు నీటిని.

కంట్రోల్ గదిలోని పై అధికారి వినాయకరావుకు ఫోన్ చేశాడు.

"జలపాలి కొట్టేసిందంటే అది లేనట్టేనయ్యా," అన్నాడాయన. "మూడు గంటలకు గుటక ఉంది. పొద్దుపోతుంది, నడువు."

"సార్, అది విషం."

"రికార్డుల ఉన్నదా? లేదు గదా!"

కాలనీ నల్లా దగ్గర బిందెలు బారులు తీరి ఉన్నాయి. నెలకోసారి పరీక్షకుడు నమూనా నీటిని జనం ముందు తాగాలి. గుటక పడిందని కెమెరాలో చూశాకే జలపాలి, ముందురోజు మూసిన కవాటం తెరుస్తుంది. ఈ నియమం దానికి తట్టింది కాదు. కాలనీ ఆడవాళ్లు పోట్లాడి పెట్టించారు. మనిషి తాగితేనే నమ్ముతామన్నారు.

వాళ్లలో ముందు నిలబడి కొట్లాడిన లస్మక్కే, మొదటి కడుగు తర్వాత అతను పట్టి తెచ్చిన నమూనాతో గ్లాసు నింపి అందించింది. ఆమె కొంగు పట్టుకుని ఆ పిల్ల నిలబడి ఉంది.

"తాగు బిడ్డా. నిన్నటి సంది సుక్క లేదు, నాలుకలు పిడచగట్టినయి."

ఓదెలు గ్లాసు పట్టుకున్నాడు, తాగలేదు. "ఇది మంచిదే పెద్దమ్మా. మీకొచ్చేది ఇది గాదు."

"గదేంది?"

"పదకొండేండ్ల సంది మీ ముందట నేను తాగింది పైపుల నిలిచిన నీళ్లు. మీరు తాగింది అడుగుది. పిల్ల చేతులు గందుకే గట్లయినయి."

లస్మక్క పిల్ల అరచేతిని తన అరచేతిలో మూసింది.

"నీకెప్పుడెరుకైంది?"

"ఇయ్యాల్నే. ఇన్నేండ్లు ఎరుక చేసుకోకపోవుడు నా తప్పే."

నల్లా మీది తెర వెలిగింది. "గుటకకు సాక్షిని మారుస్తున్నాము. తదుపరి: లస్మక్క, ఇల్లు పదిహేడు."

లస్మక్క అతని చేతిలోంచి గ్లాసు లాక్కుంది. తాగేస్తుందేమోనని ఓదెలు భయపడ్డాడు. అంత దాహం ఆమె ముఖంలో కనిపిస్తూనే ఉంది. ఆమె గ్లాసును నేల మీద బోర్లించింది.

"రాసుకోపో," అంది తెరతో.

జలపాలి రెండో పేరు పిలిచింది. మూడోది పిలిచింది. నూట నలభై ఇళ్ల పేర్లూ పిలిచింది. కొందరు అడుగు ముందుకు వేయబోయి పిల్ల వైపు చూసి ఆగారు. చివరికి ఖాళీ బిందెలు ఎత్తుకుని ఇళ్లకు మళ్లారు. నల్లా దగ్గర ఓదెలు ఒక్కడే మిగిలాడు.

తెర కాసేపు ఆరిపోయి మళ్లీ వెలిగింది. "తదుపరి: ఓదెలు. దయచేసి తాగండి."