గోధుమరంగు వలయం

నూజివీడు కాలేజీలో ఇంటర్ పిల్లల ప్రాక్టికల్స్ జరుగుతుండగా ఒక యువకుడు నేరుగా కెమిస్ట్రీ ల్యాబ్‌లోకి వచ్చి, లెక్చరర్ శ్రీరమ్య ముందు రెండు ప్లాస్టిక్ కవర్లు పెట్టాడు. రెండింట్లోనూ తెల్లటి పొడే.

"ఏది ఏదో కాస్త చెప్తారాండీ?"

"నీది ఏ సెక్షన్?" అంది శ్రీరమ్య రికార్డుల్లోంచి తలెత్తకుండా.

"ముసునూరండీ."

పిల్లలు గొల్లున నవ్వారు. అప్పుడు చూసిందామె. మట్టి బూట్లు, మోచేతుల దాకా మడిచిన చొక్కా, మొహంలో మాత్రం నిజమైన కంగారు.

పేరు ఉదయ్ కిరణ్. బీటెక్ చదివి, నాన్న బసవపున్నారావుతో కలిసి ఆ ఊళ్ళోనే మామిడితోట చూసుకుంటున్నాడు. వానకి షెడ్డు కారి ఎరువుల బస్తాలు తడిస్తే, కూలీలు పొడిని రెండు డ్రమ్ముల్లోకి ఎత్తారట. ఒకటి పూత కోసం చెట్ల మీద కొట్టే పొటాషియం నైట్రేట్, ఇంకోటి పాదుల్లో వేసే పొటాషియం సల్ఫేట్. ఏది ఏ డ్రమ్ములో ఉందో ఎవరికీ గుర్తు లేదు. షాపుల్లో కొత్త స్టాకు రాలేదు. అదను దాటితే పూత ఉండదు, పూత లేకపోతే ఆ ఏడాది తోట లేనట్టే.

క్లాసు అయ్యేదాకా అతన్ని బయట నిలబెట్టి, తర్వాత లోపలికి పిలిచింది. ముందు పొటాషియం ఉందో లేదో చూద్దామని తీగ కొనకి పొడి అంటించి మంటలో పెట్టింది. మంట పసుపురంగులో మండింది.

"ఇలా వచ్చిందేంటండీ?"

"కాస్త ఉప్పు తగిలినా ఆ పసుపు మిగతా రంగుల్ని కప్పేస్తుంది. దీన్లోంచి చూడండి," అని నీలం గాజుపలక ఇచ్చింది.

గాజులోంచి లేత ఊదారంగు కనిపించింది. అతను చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఇంకా కనిపిస్తోందా?"

"ఆఁ."

"బర్నర్ ఎప్పుడో ఆపేశానండీ."

అతను గాజు దించాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆమె నవ్వు ఆపుకుంటూ టెస్ట్ ట్యూబ్ తీసింది. రెండో కవర్లోని పొడిని నీళ్ళలో కరిగించి, ఫెర్రస్ సల్ఫేట్ కలిపి, ట్యూబు గోడ వెంట యాసిడ్‌ని మెల్లగా జార్చింది. ట్యూబ్ కదిలితే వలయం చెదిరిపోతుందని చెబితే అతను ఊపిరి బిగబట్టాడు. ఇద్దరి తలలూ దగ్గరగా వంగి ఉండగా, రెండు ద్రవాలూ కలిసేచోట గోధుమరంగు వలయం సన్నగా ఏర్పడింది. అదే నైట్రేట్.

జనవరిలో తోట నిండా పూత వచ్చిందని చెప్పడానికి వచ్చాడు. తర్వాత బోరు నీళ్ళు తెచ్చాడు. ఆ తర్వాత చెరువు మట్టి. తేవడానికి ఏమీ లేనప్పుడు పక్క రైతు బోరు నీళ్ళు కూడా తెచ్చాడు. ఆమె ఓపిగ్గా క్లోరైడు, కార్బొనేటు చూసిపెట్టేది. వెళ్ళేముందు అతను గుమ్మం దగ్గర ఆగేవాడు. ఏదో అంటాడని ఆమె చూసేది. "థాంక్సండీ" అనేవాడు.

వైజాగ్‌లో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు ఆమె మొదట అతనికే చెప్పింది. వెళ్ళొద్దంటాడేమోనని ఆశ.

"మంచి అవకాశం కదండీ," అన్నాడు.

మంచి మాట చెప్పినవాడి మీద కోపం ఎలా తెచ్చుకోవాలో తెలియక, ఆమె సింకు దగ్గరికెళ్ళి కడిగిన ట్యూబులే మళ్ళీ కడిగింది.

వైజాగ్‌లో సాయంత్రాలు పొడుగ్గా ఉండేవి. అప్పుడప్పుడు ఫోన్‌కి ఒక ఫోటో వచ్చేది. ఉసిరికాయంత పిందె. కొన్నాళ్ళకి నిమ్మకాయంత. "కాయ బాగా ఊరుతోందండీ" అని కింద ఒక్క ముక్క. ఆమె "బాగుంది" అని పంపేది. తర్వాత ఆ ఫోటోనే పెద్దది చేసి, కాయని పట్టుకున్న వేళ్ళని చూస్తూ పడుకునేది.

ఏప్రిల్ ఆఖర్లో ఫోటోలు ఆగిపోయాయి. నూజివీడు వైపు గాలివాన అని వార్తల్లో విన్నది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా అతను ఎత్తలేదు. చివరికి నాన్నకి చేసింది. భానుమూర్తిగారు స్కూల్లో తెలుగు మాస్టారు, ఆచారం గట్టిగా పాటించే మనిషి. ఆమె దాచకుండా అంతా చెప్పేసింది.

"ఆ అబ్బాయి నీతో ఎప్పుడైనా ఏమన్నా అన్నాడా?"

"లేదు నాన్నా. నేనే అడగడానికి వెళ్తున్నాను."

ఆయన ఫోన్ పెట్టేశారు.

హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి, నూజివీడు చేరి, ఆటోలో ముసునూరు వెళ్ళింది. సన్నగా జల్లు పడుతోంది. తోటలో ఎక్కడ చూసినా రాలిన పచ్చికాయలే. ఉదయ్ కిరణ్ వంగి ట్రేలలోకి ఏరుతున్నాడు. ఆమెని చూసి అలాగే ఆగిపోయాడు.

"ఫోన్ ఎందుకు ఎత్తలేదు?"

"ఏం చెప్పమంటారు? ఇన్నాళ్ళూ మీకు మంచివే పంపాను. సగం కాపు నేలపాలైంది."

"నేను ఎదురుచూసింది కాయల కోసం అనుకున్నారా?"

అతను చేతిలో కాయని ట్రేలో పెట్టాడు. "ఆ రోజు వెళ్ళొద్దని నోటిదాకా వచ్చింది. మీకు అడ్డం అవుతానేమోనని అనలేదు."

"అడ్డమో కాదో చెప్పాల్సింది నేను కదా."

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"చేసుకుంటాను. ఉద్యోగం మాత్రం మానను."

"మానమని ఎవరన్నారండీ? వైజాగ్‌కి రైళ్ళున్నాయి," అన్నాడు.

షెడ్డులోంచి అతని తల్లి పుష్పావతి వచ్చి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తన కొంగుతో శ్రీరమ్య తల తుడిచి, అన్నం తిందువుగాని రామ్మా అంది.

అప్పుడే శ్రీరమ్యకి నాన్న దగ్గర్నుంచి ఫోన్. "ఆ అబ్బాయికి ఇవ్వు" అన్నారాయన.

ఉదయ్ కిరణ్ చేతులు చొక్కాకి తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు. "నమస్కారమండీ" అన్నాడు. చాలాసేపు విన్నాడు. చివరికి "అలాగేనండీ" అని ఫోన్ తిరిగిచ్చాడు. అతని కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"ఏమన్నారు?"

"వాన తగ్గాక మిమ్మల్ని ఒక్కర్నే బస్సులో పంపొద్దన్నారు. మా అమ్మానాన్నలతో కలిసి, నన్నే మిమ్మల్ని వెంటపెట్టుకుని మీ ఇంటికి రమ్మన్నారు."