నలభై రెండు సెంటీమీటర్లు

సముద్రంలో టూనా చేప తరిగిపోతున్నదని సభల్లో ఒప్పుకునే పెద్దలందరూ, వలలో చిక్కిన పిల్ల చేపను ఎవరు వదిలిపెట్టాలో మాత్రం ఎందుకు చెప్పరు?

భానుశ్రీ ఈ మాట మూడు సమావేశాల్లో అడిగింది. ప్రతిసారీ టీ వచ్చింది; జవాబు రాలేదు.

మచిలీపట్నం రేవులో దిగిన చేపలను కొలిచి నమోదు చేయడం ఆమె ఉద్యోగం. సిద్ధార్థతో పరిచయం అక్కడే, తగాదాతోనే మొదలైంది.

"ఆ టేపు కాస్త పక్కకు తీయండి మేడమ్. చేప సిగ్గుపడుతోంది."

"పట్టినవారు సిగ్గుపడితే చాలండీ."

అతని తండ్రి బసవపున్నయ్యకు రెండు మరబోట్లున్నాయి. తాటాకు మోపులను నడిసముద్రంలో తేలేలా కట్టివస్తారు. ఆ నీడకు పిల్ల టూనాలు చేరతాయి. అప్పుడు చుట్టూ వల బిగిస్తారు. ఏడాదిపాటు ఆమె కొలుస్తూ వచ్చింది, అతను వాదిస్తూ వచ్చాడు. వానకు రేకుల కింద నిలబడీ వాదించుకున్నారు. విజయవాడ బస్సులను ఆమె కావాలనే వదిలేసిన సాయంత్రాలూ ఉన్నాయి.

పెళ్లిమాటలకు తండ్రీకొడుకులు విజయవాడ గుణదలలోని భానుశ్రీ ఇంటికి వచ్చారు. వేటలో తొలిగా పడిన చేపను పిల్ల ఇంటికి తేవడం వారి ఆనవాయితీ. అరిటాకు విప్పగానే, భానుశ్రీ అలవాటు చొప్పున టేపు తీసింది.

"ఇదేం పనే, వచ్చినవాళ్ల ముందు?" అంది తల్లి వెంకటరత్నమ్మ.

"నలభై రెండు సెంటీమీటర్లు. మీటరు దరిదాపుకు వస్తేగాని ఈ జాతి గుడ్లు పెట్టదండీ."

"మా నాన్న హయాంలో మనిషంత చేప పడేదమ్మా," అన్నాడు బసవపున్నయ్య. "ఇప్పుడు నాలుగు రోజులు తిరిగితే ఇదే పెద్దది. నేను వదిలితే పక్క బోటువాడు వదులుతాడా?"

"వదలడు. అందుకే మీకు ఇదే పెద్దదైంది. మీ మనవలకు ఇదీ ఉండదు."

ఆయన లేచాడు. "మా చేపను కాదన్న ఇంట మాకు పిల్ల వద్దు. పదరా."

సిద్ధార్థ లేవలేదు. "ఒక బోటు నాకు వదలండి నాన్నా. వల మానేసి, పెద్ద చేపలకే గాలాలు వేస్తాను."

"ఖాళీగా తిరిగొస్తావు."

"వస్తాను."

ఆయన మంచినీళ్లయినా ముట్టకుండా వెళ్లిపోయాడు.

"నా కోసమా?" అని అడిగింది భానుశ్రీ.

"మీ కోసమే అయితే పెళ్లయ్యాక మానేస్తానేమో. పోయిన వేటలో ఇలాంటి పిల్ల చేప పొట్ట ఒకటి కోసి చూశాను. గుడ్ల సంచి ఇంకా దారపు పోగులా ఉంది. అప్పటినుంచి వల లాగడానికి చెయ్యి రావడం లేదు."

"ఆ మాట అప్పుడే చెప్పవచ్చుగా?"

"చెబితే మీరు వాదించడం మానేసి, బస్సెక్కేస్తారని."

ఆమె నవ్వింది. ఆ ఇంట్లో ఆ రోజు నవ్వింది ఆమె ఒక్కతే.

రిజిస్టరు పెళ్లికి బసవపున్నయ్య రాలేదు; ఒక బోటు మాత్రం కొడుక్కి వదిలాడు. సిద్ధార్థ బోటు ఐదు వేటలు ఖాళీగా తిరిగొచ్చింది. ఆరోసారి గాలానికి ఒకే ఒక్క టూనా పడింది, మీటరు పైనే. దంపతులిద్దరూ దానిని విజయవాడ తెచ్చారు. వర్తకుడు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇంత పెద్దది ఎవరికండీ? చిన్నవి తెండి. జనం అవే అడుగుతున్నారు."

ఆ జనం మీరే. ఈ ఆదివారం సంచి పట్టుకుని బయలుదేరినప్పుడు పిల్ల టూనాను కొనకండి. గాలంతో పట్టినదేనా అని నలుగురికీ వినపడేలా అడగండి. అమ్మేవాడు చెప్పలేకపోతే, సంచి ఖాళీగానే ఇంటికి తీసుకువెళ్లండి.