మాచర్ల డేరాలో తండ్రి వేషం

1946 మాఘమాసం. మాచర్లలో అలీ సాహెబ్ వేసిన సినిమా డేరా ముందు దీపాలు పెట్టే వేళకే జనం కిక్కిరిసిపోయారు. వేయించిన వేరుశనక్కాయల వాసన, బీడీ పొగ, వెనకాల ఇంజను దడదడ. ఆ సాయంత్రం మొదటి ఆటకి శేషగిరిరావే స్వయంగా వస్తున్నాడు మరి! నలభై ఏళ్ళు నిండకపోయినా, మద్రాసు సినిమాల్లో ముసలి తండ్రి వేషమంటే ఆయనదే. తెరమీద ఆయన దగ్గితే నేల టిక్కెట్టు వాళ్ళు సైతం కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

నిజానికి ఆ వేషం ఆయనది కాదు. నరసరావుపేట నాటక సమాజంలో తండ్రి వేషాలన్నీ ధనుంజయరావువి. శేషగిరి ఆయన పక్కన చిన్నాచితకా వేషాలు కట్టేవాడు. ఏడేళ్ళ కిందట, వేషం ఇమ్మని ధనుంజయరావు రాసుకుంటే, మద్రాసు కంపెనీ ఆయన్ని రమ్మని సమాజం పేరుమీద ఉత్తరం రాసింది. ఆయన జ్వరంతో రొంపిచెర్లలో పడి ఉన్నాడు. ఉత్తరం శేషగిరి చేతికొచ్చింది. "ఆయన రాలేక నన్ను పంపాడండీ" అని మద్రాసులో చెప్పుకుని వేషం దక్కించుకున్నాడు. ధనుంజయరావు రెండేళ్ళపాటు ఆ ఉత్తరం కోసం ఎదురుచూసి చూసి, ఛాతీ జబ్బుతో పోయాడు. జరిగింది శేషగిరికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆట మొదలైంది. మూడో రీలులో తండ్రి మంచాన పడ్డాడు. కొడుకు పక్కన కూర్చున్నాడు.

"నాయనా..." అన్నాడు తెరమీది తండ్రి.

శేషగిరి కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు. పెదాలు తనవి. గొంతు తనది కాదు. మాటకు ముందు పిల్లిలా గురగురలాడే ఊపిరి... ఆ ఊపిరి ఎవరిదో ఆయనకి బాగా తెలుసు.

శేషగిరి తన పక్కనున్న అలీ సాహెబ్ చేతిని పట్టుకున్నాడు. "ఆ గొంతెవరిది?" అన్నాడు రహస్యంగా.

"అదేందండీ, మీదే గదా! చానా బాగా చేశారు."

మద్రాసులో ఎవరైనా గొంతు మార్చారా? లేక ఈ సాహెబే ఏదన్నా నాటకమాడుతున్నాడా? శేషగిరి ఒక్కొక్కరి మొహం అనుమానంగా చూశాడు. అందరూ తెరకేసే చూస్తున్నారు.

తెరమీది తండ్రి కొడుకు వైపు నుంచి మొహం తిప్పాడు. తిన్నగా కుర్చీల వైపు చూశాడు.

"ఉత్తరం ఏదిరా, శేషూ?"

శేషూ... అలా పిలిచినవాడు లోకంలో ఒక్కడే.

జనంలో ఎవరూ కదల్లేదు. ఎవరో ముక్కు చీదారు. అంతే.

శేషగిరి చూపు ఆడవాళ్ళ వైపు పోయింది. తెల్లచీర. ఇందిర! ధనుంజయరావు భార్య. పుట్టిల్లు మాచర్లే. ఆమెకి తెలిసిపోయింది. ఆమే చేయించింది... ఇంకెవరు చేయిస్తారు?

ఆట అయ్యేదాకా ఆగలేకపోయాడు. డేరా పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్ళి ఆమెను బయటికి పిలిపించాడు.

"వదినా, ఇదంతా నీ పనేనా? పదిమందిలో నా పరువు తీద్దామనా? ఆ ఉత్తరం సంగతి నీకెవరు చెప్పారు?"

ఇందిర తెల్లబోయి చూసింది.

"ఏ ఉత్తరం, శేషగిరీ?"

డేరాలోంచి దగ్గు వినిపిస్తోంది. ఆమె చాలాసేపు ఆయన మొహంలోకే చూసింది. చూస్తూ చూస్తూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆఖరి రోజున కూడా ఆయన అడిగారు... పోస్టు వచ్చిందా అని" అంది. లోపలికి పోలేదు. చీకట్లో నడుచుకుంటూ ఇంటిదారి పట్టింది.

శేషగిరి కూడా మళ్ళీ డేరాలోకి అడుగు పెట్టలేదు. బసలో రాత్రంతా దీపం ఆర్పకుండా కూర్చుని, పొద్దున్నే స్టేషనుకి పోయాడు. మూటలు మోసే ఇశ్రాయేలు ఆయన పెట్టె అందుకుని సంబరపడిపోయాడు.

"రాత్రి రెండాటలూ చూశానయ్యా. మీరిద్దరూ ఏం చేశారయ్యా!"

"ఇద్దరా? ఎవరెవరు?"

"మంచంలో మీరు. ఆ రెండో ఆయన పేరు తెలవదు. మాటా పలుకూ లేదు, ఊరికే మిమ్మల్నే చూస్తా ఉంటాడు."

"అలాంటి మనిషి ఆ సినిమాలో లేడే..."

"ఎందుకు లేడయ్యా!" ఇశ్రాయేలు పెట్టె నెత్తికెత్తుకున్నాడు. "మొదటాటలో గుమ్మం కాడ నిలబడ్డాడు. రెండో ఆటకి మంచం మీదికి వంగాడు."